ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు

తొలకరి వానలు కురిసిన పిమ్మట కురబలకోట ప్రాంతమున వేరుసెనగ చేలగట్లవెంట నడచువారికి పురుగుల లోకమొకటి కనబడును. గడ్డిపోచ కొనపై తూనీగ వ్రాలియుండును. ఆకు మాటున మిడత దాగియుండును. తడి నేలపై ఆరుద్రపురుగు ఎఱ్ఱని మఖమలు ముక్కవలె మెల్లగా కదలుచుండును. ఇవి అందఱి కన్నుల యెదుటను ఉన్నవే. కాని వీనిని పరికించి చూచువారు కొలదిమంది మాత్రమే. అట్టివారిలో ఛాయాచిత్రకారుడొకడు. అతడు చిన్న వస్తువులను పెద్దవిగా చూపు కటకమును కెమెరాకు తగిలించి, తూనీగ యెదుట నేలపై బోరగిల పరుండి, చాలసేపు కనిపెట్టుకొనియుండి ఒక్క చిత్రమును తీయును. ఆ చిత్రమున తూనీగ కన్ను వేలకొలది చిఱుకన్నుల కూర్పుగా తోచును. ఱెక్క సన్నని గాజువలవలె మెఱయును. చూచినవారు ఆశ్చర్యపడి, అంత గొప్ప పనిచేసిన కెమెరాను మెచ్చుకొందురు.

ఆ మెప్పులో సగమే న్యాయము కలదు. కటకమును పురుగునకు ఎంత దగ్గఱగా నుంచినచో, చిత్రమున స్పష్టముగా కనబడు భాగము అంత సన్ననగును. కన్ను స్పష్టముగా నున్నచో తోక మసకబారును. తోక స్పష్టమైనచో కన్ను మసకబారును. గాలి వీచినను, చిత్రకారుని ఊపిరి కదలినను గుఱి తప్పును. ఏది స్పష్టముగా నుండవలెను, ఏది మసకలో కలిసిపోవలెను, వెలుతురు ఎటునుండి పడవలెను, ఏ క్షణమున మీట నొక్కవలెను అనునవి యంత్రము నిర్ణయించునవి కావు. వానిని నిర్ణయించువాడు కెమెరా వెనుక నుండును, చిత్రములో కనబడడు. పురుగు చిత్రమునకు చెల్లిన యీ మాట మహారాజు చిత్రమునకును చెల్లును. దానిని తన జీవితముచేతనే చాటిన మహనీయుడు పందొమ్మిదవ శతాబ్దమున హైదరాబాదు రాజ్యమున వెలసెను. ఆయనయే రాజా లాలా దీనదయాళు.

దీనదయాళు 1844వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానమునందలి మీరటు నగరమునకు సమీపమున నున్న సర్ధానా అను ఊరిలో జన్మించెను. ఆయన పూర్వులు జైన మతస్థులు. రత్నముల వర్తకము వారి వృత్తి. చిన్న ఱాతిని వ్రేళ్ళనడుమ పట్టి, వెలుతురునకు ఎదురుగా త్రిప్పి, అందలి మేలును లోపమును కనుగొనుట రత్నవర్తకునకు నిత్యకృత్యము. అట్టి యింట పుట్టిన బాలుడు పెద్దవాడై రత్నముల నమ్మలేదు కాని, వెలుతురునే నమ్ముకొని జీవించినాడు.

ఆయన పుట్టుటకు అయిదేండ్లకు ముందు, అనగా 1839లో, ఛాయాచిత్రకళ యూరపు ఖండమున లోకమునకు వెల్లడియయ్యెను. ఫ్రాన్సు దేశమున డాగెర్ అనువాడును, ఇంగ్లాండున టాల్బట్ అనువాడును వేఱువేఱు మార్గములలో వెలుతురుచేత బొమ్మను నిలుపగలిగిరి. ఆ తొలినాళ్ళలోనే, సుమారు 1840 ప్రాంతమున, టాల్బట్ సూర్యకాంతితో పనిచేయు సూక్ష్మదర్శినికి పురుగు ఱెక్కల నమర్చి, వాని పెంచిన రూపమును కాగితముపై నిలిపెను. అనగా పురుగును పెద్దదిగా చేసి చూపవలెనను కోరిక ఛాయాచిత్రకళతోపాటే పుట్టినదని చెప్పవచ్చును. అయితే అవి జీవములేని ఱెక్కలు. కదలుచున్న ప్రాణిని పట్టుటకు ఆనాటి సాధనములకు శక్తి చాలకుండెను. ఒక్క చిత్రమునకై చాలసేపు కటకమును తెఱచియుంచవలసి యుండెను. అంతసేపు ఏ తూనీగ నిలుచును?

దీనదయాళు రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య నభ్యసించెను. 1847లో స్థాపింపబడిన ఆ విద్యాలయము నేడు రూర్కీ ఐ.ఐ.టి.గా ప్రసిద్ధికెక్కినది. అచ్చట ఆయన భూమిని కొలుచుటయు, కట్టడముల పటములను గీయుటయు నేర్చెను. 1866లో చదువు ముగించుకొని, ఇందూరు నగరమున ప్రభుత్వ మరామతు శాఖలో అంచనాలు వేయు పనిలోను, పటములు గీయు పనిలోను ప్రవేశించెను. అది గౌరవప్రదమైన కొలువు. నెలనెల జీతము చేతికి వచ్చును. గీతను తిన్నగా గీయుట, కొలతను తప్పకుండ వేయుట అచ్చటి నిత్యవిధి. ఈ శిక్షణము తరువాతి కాలమున ఆయనకు ఎంతయో ఉపకరించెను.

1874 ప్రాంతమున ఆయన కెమెరాను చేపట్టెను. మొదట అది ఉద్యోగము నడుమ దొరకిన తీరికను గడపుకొను వినోదము మాత్రమే. కాని ఆనాడు ఆ వినోదము సులభమైనది కాదు. పెద్ద గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును సమముగా పోయవలెను. దానిని చీకటిలో వెండి లవణపు ద్రావణమున ముంచవలెను. పలక తడిగా నున్నంతలోనే కెమెరాలో నుంచి చిత్రమును తీసి, వెంటనే చీకటిగుడారములోనికి కొనిపోయి మందులతో కడిగి రూపమును పైకి తేవలెను. ఇదంతయు కొన్ని నిమిషములలో ముగియవలెను. పలక ఆఱినచో శ్రమయంతయు వ్యర్థము. మన దేశపు ఎండలలో పలక మఱింత త్వరగా ఆఱును; ధూళి రేణువొకటి అంటినను చిత్రము చెడును.

అంతేకాదు; ఆనాడు చిన్న పలకనుండి పెద్ద చిత్రమును తీయుట వాడుకలో లేదు. చిత్రము ఎంత పెద్దదిగా కావలెనో పలకయు అంత పెద్దదిగా నుండవలెను. కావున కెమెరా, ముక్కాలిపీట, గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, చీకటిగుడారము, నీళ్ళకుండలు అన్నియు కలిసి ఒక బండెడు సామగ్రి యగును. చిత్రకారుడు నల్లని గుడ్డను తలపై కప్పుకొని కెమెరా వెనుకనున్న మసకగాజులోనికి చూచినచో, ఎదుటి దృశ్యము తలక్రిందుగా కనబడును. ఆ తలక్రిందుల బొమ్మలోనే అందమును, తూకమును అతడు కనిపెట్టవలెను. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై పలక నుంచి, ఎండలో పెట్టి తుదకు చిత్రమును అచ్చొత్తవలెను. ఇన్ని మెట్లలో ఏ యొక్కదానియందు పొరపాటు జరిగినను మరల మొదటికి రావలసినదే.

దీనదయాళు ఈ కష్టమునకు వెనుదీయలేదు. పనివాని ఓర్పును, ఇంజనీరు లెక్కను, రత్నపరీక్షకుని చూపును జతచేసి ఆయన కొలదికాలములోనే గొప్ప నేర్పరియయ్యెను. ఇందూరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ఆదరించెను. మధ్యభారత సంస్థానములలో గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డాలీ ఆయన పనిని చూచి, గొప్పవారికి పరిచయము చేసెను. 1875, 1876 సంవత్సరములలో వేల్సు యువరాజు భారతదేశమును సందర్శించినపుడు ఆయనను ఛాయాచిత్రములందు నిలిపిన వారిలో దీనదయాళు ఒకడు. మరామతు శాఖలో పటములు గీయు ఉద్యోగికి ఇది సామాన్యమైన గౌరవము కాదు.

డాలీ పిమ్మట కొంతకాలమునకు ఆ పదవిని పొందిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండు ప్రాంతమున పర్యటించినపుడు దీనదయాళును వెంటబెట్టుకొనిపోయెను. అడవులనడుమ, కొండలపైన, పాడుబడిన ఊళ్ళలోన నిలిచియున్న దేవాలయములను, కోటలను, స్తూపములను ఆయన చిత్రించెను. గ్వాలియరు కోట, సాంచి స్తూపము, ఓర్ఛా, దతియా రాజప్రాసాదములు, ఖజురాహో దేవాలయములు మున్నగునవి ఆయన పలకలపై నిలిచెను. ఈ చిత్రములతో గ్రిఫిన్ కూర్చిన మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడముల గ్రంథము 1886లో వెలువడెను.

ఱాతికట్టడము కదలదు, కావున దానిని చిత్రించుట సులభమని తోచవచ్చును. కాని నడినెత్తిన ఎండ కాయుచుండగా తీసినచో చెక్కడపు పనియంతయు చదునై కనబడును. ఉదయమునందో సాయంకాలమునందో ప్రక్కనుండి వెలుతురు పడినపుడే శిల్పి ఉలి చేసిన లోతులు నీడలతో నిండి, శిల్పము పైకి లేచి నిలుచును. ఆ వేళను కనిపెట్టి యుండుట చిత్రకారుని వంతు. దీనదయాళు తీసిన కొన్ని చిత్రములలో మహాకట్టడము చెంత మనుష్యుడొకడు చిన్నవాడై నిలిచియుండును. ఆ చిన్న రూపమే కట్టడము పెద్దతనమును చెప్పును. ఎచ్చట నిలిచి చూడవలెను, ఎంత దూరముండవలెను అను తెలివి పటములు గీచిన చేతికి అలవడినదే.

ఈ పర్యటనము ఆయన మనస్సును మార్చెను. చిత్రముల పని పెరిగినకొలది కార్యాలయపు పనికి కాలము చాలదయ్యెను. ఒకదానిని విడువక తప్పని సమయము వచ్చెను. ఆనాటికి ఆయనకు నలువది యేండ్లు. కొలువున చేరి రెండు దశాబ్దములు కావచ్చుచుండెను. ప్రభుత్వోద్యోగమనగా నిలుకడైన బ్రతుకు. ఛాయాచిత్రకళయో, పాశ్చాత్య దేశములనుండి క్రొత్తగా వచ్చిన విద్య. దానిని నమ్ముకొని కుటుంబమును పోషించిన భారతీయులు అప్పటికి బహుకొలదిమంది. పలకలు, మందులు, కటకములు ఓడలమీద దిగుమతి కావలసినవే. ప్రభువుల దయ నేడుండి రేపు పోవచ్చును. ఇన్ని తెలిసియు దీనదయాళు మొదట దీర్ఘకాలపు సెలవు తీసికొనెను. పిమ్మట ఉద్యోగమునే విడిచెను. ఇష్టమైన పనిని తీరికవేళ వినోదముగా నుంచుకొనుట వేఱు. దానికై సుఖమైన మార్గమును విడుచుట వేఱు. ఆయన రెండవదానిని ఎన్నుకొనెను.

ఆ కాలముననే హైదరాబాదునుండి పిలుపు వచ్చెను. 1884లో పూర్ణాధికారములను వహించిన ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను 1885 ప్రాంతమున తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు కలిసి వినబడు ఆ రాజ్యము దీనదయాళునకు క్రొత్తది. ఆయన ఇందూరును విడిచి వచ్చి సికింద్రాబాదున తన చిత్రశాలను నెలకొల్పెను. నాటినుండి ఆయన జీవితము తెలుగునేలతో పెనవేసికొనిపోయెను.

చార్మినారు, మక్కా మసీదు, గోలకొండ సమాధులు, చౌమహల్లా, ఫలక్‌నుమా ప్రాసాదములు ఆయన పలకలపై నిలిచెను. ఎల్లోరా గుహలను, దౌలతాబాదు దుర్గమును ఆయన చిత్రించెను. నిజాము దర్బారులు, విందులు, సేనల విన్యాసములు, వేటలు, అమీరుల మేడలలోని అలంకారములు ఆయన చిత్రములలో కనబడును. 1908లో మూసీనది వరద నగరములోని పెద్ద భాగమును కొట్టుకొనిపోయెను. అంతకు పూర్వపు హైదరాబాదు ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి ఆయన చిత్రములు నేడు విలువగల ఆధారములు.

అయితే దీనదయాళు కీర్తికి కట్టడముల చిత్రములకంటె మనుష్యుల చిత్రములు ఎక్కువ కారణమయ్యెను. నాటి చిత్రశాలలో చిత్రము తీయించుకొనుట కొంత శ్రమ. కదలక, మెదలక కూర్చుండవలెను. తల కదలకుండ వెనుక ఇనుప ఊతనుంచు ఆచారము కలదు. అట్లు కూర్చున్నవాని ముఖము సహజముగా బిగుసుకొనిపోవును. ఆ బిగువును పోగొట్టి, మనుష్యునిలోని మనుష్యుని ముఖముపైకి రప్పించుట యంత్రమునకు చేతకాదు. మాటచేత, మర్యాదచేత, ఓర్పుచేత చిత్రకారుడే దానిని సాధింపవలెను. ప్రభువైనను, సేవకుడైనను తన యెదుట కొంతసేపు భయము విడిచి కూర్చుండునట్లు చేయగలిగినవాడే మేలి చిత్రకారుడు. దీనదయాళు చిత్రములలోని ముఖములు నేటికిని మనతో మాటాడుచున్నట్లు తోచుటకు కారణమిదియే.

1892లో ఆయన చేసిన పని యొకటి ఆయన వివేకమును మఱింత స్పష్టముగా చూపును. ఆ కాలమున హైదరాబాదులోని గొప్పయిండ్ల స్త్రీలు ఘోషా పాటించుచుండిరి. పరపురుషుని యెదుటకు వచ్చుట వారికి నిషిద్ధము. కావున తమ చిత్రమును తీయించుకొను భాగ్యము వారికి లేకుండెను. దీనదయాళు స్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక చిత్రశాలను ఏర్పఱచెను. దానిచుట్టును ఎత్తైన గోడలుండెను. లోపల పనిచేయువారందఱు స్త్రీలే. కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత ఆ చిత్రశాలను నడపెను.

ఈ యేర్పాటును ఊరక వ్యాపారపు తెలివిగా చూడరాదు. కెమెరా ఎక్కడనైనను కెమెరాయే. కటకము అదియే, పలక అదియే, మందు అదియే. కాని దాని వెనుక నిలుచువారు మాఱినచో ఎదుట కూర్చున్నవారి మనస్సు మాఱును. తాను ఎంత నేర్పరియైనను, ఆ స్త్రీల చిత్రములను తీయుటకు తాను తగనని దీనదయాళు గ్రహించెను. గ్రహించి ప్రక్కకు తొలగి, మఱియొకరికి ఆ స్థానము నిచ్చెను. ముందుకు వచ్చి నిలుచుట గొప్ప. వెనుకకు తొలగవలసిన వేళ నెఱిగి తొలగుట అంతకంటె గొప్ప.

ఆయన కీర్తి దేశదేశములకు వ్యాపించెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఆయన చిత్రములు మన్నన పొందెను. 1894లో నిజాము ఆయనకు రాజా బహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదముల నొసగెను. 1896లో బొంబాయిలో ఆయన మఱియొక చిత్రశాలను తెఱచెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాచిత్రకారులలో ఒకనిగా అంగీకరించెను. వైస్రాయిలు పలువురు ఆయనచేత చిత్రములు తీయించుకొనిరి. ఈ బిరుదములన్నిటిలో ముసవ్విర్ అను మాట గమనింపదగినది. ఆ మాటకు చిత్రకారుడని అర్థము. యంత్రమును త్రిప్పువాడని కాదు. కుంచె పట్టనివానికి చిత్రకారుడను పేరిచ్చి, ఛాయాచిత్రమును కళగా నిజాము గుర్తించినట్లయ్యెను.

ఈలోగా సాధనములును మాఱుచుండెను. 1871లో మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకను కనిపెట్టెను. పదియేండ్లు గడచునప్పటికి అట్టి పలకలు అంగళ్ళలో దొరకజొచ్చెను. ఇక చిత్రకారునకు చీకటిగుడారమును వెంట మోయు పనిలేదు. చాలసేపు కటకమును తెఱచియుంచు పనియు లేదు. పరుగెత్తు గుఱ్ఱమును, కదలు సేనను క్షణమాత్రమున పట్టవచ్చును. పురుగులను, పక్షులను సజీవముగా చిత్రించుటకు తరువాతివారికి దారి తెఱచినది ఈ మార్పే. దీనదయాళు ఈ క్రొత్త పలకలను స్వీకరించి దర్బారుల సందడిని, సేనల కదలికను, వేటల హడావిడిని పట్టెను. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు ప్రాంతమున నెక్కొండయొద్ద పులివేటకు వచ్చినపుడు తీసిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. 1903లో ఢిల్లీలో జరిగిన మహా దర్బారును ఆయన సంస్థ చిత్రించెను.

అయితే ఆయన పలకలపై రాజవైభవము మాత్రమే లేదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగా దక్కను పీఠభూమిపై ఘోరమైన కఱవు వచ్చెను. నిజాము రాజ్యమున జరిగిన కఱవు సహాయక కార్యములను ఆయన సంస్థ చిత్రములందు నిలిపెను. వజ్రాలహారములను మెఱయించిన కటకమే ఆకలిగొన్న ముఖములవైపు తిరిగెను. యంత్రమునకు ఈ రెంటికి భేదము తెలియదు. తెలియవలసినది దాని వెనుకనున్న మనస్సునకు. వైభవమును మాత్రమే చూపు చిత్రములమాలలో కఱవు చిత్రములు కూడ చేరుటవలననే నాటి కాలపు రెండు ముఖములును మనకు దక్కినవి.

దీనదయాళునకు జ్ఞానచందు, ధర్మచందు అను ఇద్దఱు కుమారులు కలరు. ఇద్దఱును తండ్రివద్దనే విద్య నేర్చి ఆయన పనిలో పాలుపంచుకొనిరి. రాజా దీనదయాళు అండ్ సన్స్ అను పేరు దేశమంతట వినబడెను. కాని చివరి దినములు సుఖముగా గడువలేదు. 1904లో ధర్మచందు మరణించెను. కన్నకొడుకును, పనిలో కుడిభుజమును ఒక్కసారిగా కోల్పోయిన తండ్రి ఆ దుఃఖమునుండి తేరుకొనుటకు కాలము చిక్కలేదు. 1905 జూలై 5వ తేదిన దీనదయాళు కన్నుమూసెను. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించెను. ఆదరించు ప్రభువు పోయిన పిమ్మట సంస్థ పూర్వవైభవము క్రమముగా తఱగెను.

గాజుపలక చేతినుండి జాఱినచో పగులును. తడి తగిలినచో చెడును. ఎవరికిని అక్కఱలేనివై మూలబడియున్నచో ఒక మనుష్యుని జీవితకాలపు శ్రమ చెత్తలో కలియుట ఎంతసేపు? దీనదయాళు పలకలలో ఎన్నియో నశించెను, ఎన్నియో చెదరిపోయెను. మిగిలినవానిని కాపాడినవారి పుణ్యమున 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజుపలకలను సేకరించి భద్రపఱచెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మృత్యర్థము ఒక తపాలాబిళ్ళను వెలువరించెను. ఉద్యోగమును విడిచి ఆయన చేసిన సాహసము వ్యర్థము కాలేదని శతాబ్దము గడచిన పిమ్మట దేశము ఒప్పుకొన్నట్లయ్యెను.

దీనదయాళు చిత్రములలో వందలకొలది ముఖములు కలవు. వానిలో నిజాము కలడు, వైస్రాయి కలడు, అమీరులు, సేనానులు, సేవకులు, పిల్లలు కలరు. ఆ చిత్రములు తీయబడుచున్న వేళ నల్లని గుడ్డ మాటున, తలక్రిందుల బొమ్మను చూచుచు, ఊపిరి బిగబట్టి నిలిచినవాడు మాత్రము వానిలో లేడు. అయినను ప్రతి చిత్రమునందును ఆయనయే ఉన్నాడు. వెలుతురు పడిన ప్రక్కలో, ముఖమునందలి నెమ్మదిలో, విడిచిన వస్తువులో, ఎన్నుకొన్న క్షణములో ఆయనను కనుగొనవచ్చును.

నేడు కెమెరా బండెడు సామగ్రి కాదు. జేబులో ఇముడు వస్తువు. తడి పలకయు, చీకటిగుడారమును అక్కఱలేదు. అయినను చేలగట్టుపై తూనీగ మునుపటివలెనే క్షణకాలము వ్రాలి ఎగిరిపోవును. మెల్లగా చేరి, నీడ దానిపై పడకుండ కూర్చుండి, ఊపిరి బిగబట్టి వేచియుండువానికే అది తన గాజుఱెక్కను చూపును. యంత్రము కొనుటకు దొరకును. ఓర్పును, చూపును, ఎదుటి ప్రాణియెడల మర్యాదను ఎవరికి వారే సంపాదించుకొనవలెను. సర్ధానాలో పుట్టి, తెలుగునేలను తన చిత్రశాలగా చేసికొన్న దీనదయాళు జీవితము ఈ సంపాదనకు చక్కని నిదర్శనము.